పంజరంలో పిట్టకు కొర్రలొక్కటే చాలవు

అనంతపురం జిల్లా గ్రామాలలో కోళ్ళూ, పావురాలూ పెంచడం పాత అలవాటే. ఇప్పుడు వాటికి తోడు కొన్ని యిళ్ళ వసారాలలో చిన్న పంజరాలు కూడా వేలాడుతున్నాయి. పిల్లల ముచ్చట తీర్చడానికి పట్టణం నుంచి కొని తెచ్చిన పచ్చ, నీలం, పసుపు రంగుల బుల్లి చిలుకలు వాటిలో వుంటాయి. 'లవ్ బర్డ్స్' అని అందరూ పిలుస్తున్న వీటి అసలు పేరు బడ్జరిగార్. కొన్నాళ్ళు ఇల్లంతా కిలకిలలాడించిన పిట్ట ఒకనాటి ఉదయం పంజరం అడుగున ముడుచుకుని పడి వుంటుంది. దిష్టి తగిలిందని ఒకరంటారు, గాలి సోకిందని మరొకరంటారు. పిల్లలు రెండు రోజులు ఏడుస్తారు. పెద్దలు మరో జత కొని తెస్తారు. కొత్త జతకూ అదే గిన్నె, అదే మేత.

చక్కగా సాకితే ఐదు నుంచి పదేళ్ళు బతకగల పక్షి ఇంత త్వరగా పోవడానికి కారణాలు ఎన్నో వుండవచ్చు. అయితే ఎక్కువమంది చూడకుండా వదిలేసే కారణం మేతగిన్నెలోనే వున్నది. ఏడాది పొడుగునా ఎండు కొర్రలు తప్ప మరొకటి ఎరగని పక్షి కడుపు నిండినా బలం చాలక చిక్కిపోతుంది. కూరాకులు పెట్టవచ్చు కదా అంటే, 'పెట్టి చూశాం, ముట్టలేదు, దానికి ఆకు అంటే గిట్టదు' అని పెంచేవారు తేల్చి చెబుతారు. ఈ తీర్పు తొందరపాటు తీర్పు. పిట్ట ముట్టకపోవడం దాని పొగరు వల్ల కాదు. అది తినే వస్తువని దానికి ఎవరూ నేర్పలేదు.

పుట్టిన చోట ఏమి తిన్నది?

బడ్జరిగార్ స్వస్థలం ఆస్ట్రేలియా నడిగడ్డలోని మెట్ట ప్రాంతం. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకువెళ్ళాడు. అక్కడి నుంచి ప్రపంచమంతటా పంజరాలకు పాకాయి. అడవిలో దీని ఆహారం గడ్డిగింజలే. 'గింజ తినే జాతికి ఆకెందుకు?' అని అడిగేవారు ఈ మాటనే పట్టుకుంటారు. కాని అక్కడ అది తినేది డబ్బాలో నెలల తరబడి నిలవ వున్న గింజ మాత్రమే కాదు. పాలు పోసుకున్న కంకినీ, వాన పడగానే మొలిచిన లేత మొలకనూ కూడా అది వెతుక్కుంటుంది. మేత కోసం, నీటి కోసం గుంపులు గుంపులుగా ఎంతో దూరం ఎగురుతుంది. పాలకంకికీ, ఎండి డబ్బాలో చేరిన గింజకూ వున్న తేడా రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఎండు గింజలో 'ఎ' విటమిన్ దాదాపు వుండదు. సున్నపు సత్తువ, అంటే కాల్షియం, చాలా తక్కువ. 'ఎ' విటమిన్ లోపిస్తే నోటి లోపలి పొర, ముక్కు రంధ్రాలు, ఊపిరి దారులు దెబ్బతిని జబ్బులు సులువుగా అంటుకుంటాయి. కాల్షియం చాలని ఆడ పిట్టకు గుడ్డు లోపలే అడ్డుపడి ప్రాణం మీదకు వస్తుంది. ఇక పొద్దుతిరుగుడు, వేరుశనగ గింజల సంగతి మరొకటి. వాటిలో నూనె ఎక్కువ. ఎగరడానికి చోటు లేని పంజరంలో కూర్చుని నూనెగింజలు తినే పక్షికి కొవ్వు పట్టి కాలేయం చెడుతుంది. వేరుశనగ పండే జిల్లాలో గుప్పెడు పప్పులు వేయడం ఎవరికీ బరువు కాదు. అయితే బూజు పట్టిన పప్పులోని విషం పశువులకు చేసే హానికన్నా ఈ చిన్న ప్రాణికి ఎక్కువ హాని చేస్తుందని గుర్తించాలి.

ఆకలి వైద్యం పనికిరాదు

'రెండు రోజులు గింజలు తీసేస్తే అదే దారికొస్తుంది' అనే సలహా చాలామంది యిస్తుంటారు. ఇది ప్రమాదకరమైన సలహా. బడ్జరిగార్ బరువు సుమారు 30 నుంచి 40 గ్రాములు. అంత చిన్న ఒంట్లో నిలవ శక్తి ఎంత వుంటుంది? ఒకటి రెండు రోజులు మేత లేకపోతే ప్రాణమే పోవచ్చు. తెలియని ఆకును అది ఆహారమని గుర్తించదు. తిండి ఎదురుగానే వున్నా, తిండి లేనట్టే పస్తుంటుంది. ఇది పక్షికి నేర్పడం కాదు, శిక్షించడం.

మరొక పొరపాటు కూడా జరుగుతున్నది. ఈ పిట్ట గింజను ఒలిచి పప్పు తిని, పొట్టును గిన్నెలోనే వదులుతుంది. పైకి చూస్తే గిన్నె నిండుగానే కనిపిస్తుంది. లోపల వున్నది వట్టి పొట్టు. నిండు గిన్నె ముందే పిట్ట ఆకలితో పోయే ప్రమాదం వున్నది. చేటలో చెరిగినట్టు రోజూ పొట్టు ఊది పారేసి, కొత్త గింజ వేయడం మొదటి పని.

ఓపికే అసలు మందు

పక్షి పిల్ల ఏది తిండో, ఏది కాదో తల్లిదండ్రులనూ, గుంపునూ చూసి నేర్చుకుంటుంది. పంజరంలో పుట్టి కొర్రలు మాత్రమే చూసిన పిట్టకు తోటకూర కొత్త వస్తువు. కొత్త వస్తువంటే భయం. ఆ భయం ఒక పూటలో పోదు. పది పదిహేనుసార్లు ఎదురుగా కనిపించిన తరువాత గాని కొన్ని పక్షులు ముక్కు పెట్టవు. వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. రెండు రోజులకే చాలించుకున్నవారు పిట్టను మొండిదనడం న్యాయం కాదు.

తెల్లవారగానే పిట్టకు ఆకలి ఎక్కువగా వుంటుంది. ఆ వేళ గంట, రెండు గంటలు కూరాకు పెట్టి, తరువాత ఎప్పటిలా గింజలు పెట్టాలి. కొత్తిమీర కట్టనో, మెంతికూరనో నీళ్ళలో ముంచి, తడి వోడుతుండగానే పంజరం పైభాగాన కట్టి వేలాడదీస్తే, ఈ పిట్టలు ఆ తడి ఆకులలో దూరి జలకాలాడతాయి. ఆటలో ఒక ఆకు కొరుకుతాయి. అదే తొలిమెట్టు. కేరట్టును, ఎర్ర గుమ్మడిని సన్నగా తురిమి, పైన నాలుగు కొర్ర గింజలు చల్లితే, గింజ కోసం వచ్చిన ముక్కుకు తురుము అంటుతుంది. రుచి తెలుస్తుంది. కొర్రలను నానబెట్టి మొలకెత్తించి పెట్టడం మరొక మంచి ఉపాయం. అది గింజకూ ఆకుకూ నడుమ వంతెన వంటిది. కూరాకు తినడం వచ్చిన పిట్ట పక్క పంజరంలో వుంటే పని సగమయినట్టే. అది లేనిచోట యింటివారే పంజరం ఎదుట కూర్చుని కేరట్టు ముక్క కొరికి తినడం కూడా పనిచేస్తుంది.

తోటకూర, మెంతికూర, కొత్తిమీర, మునగాకు, కేరట్టు, గుమ్మడి, లేత మొక్కజొన్న మంచివి. పాలకూర అప్పుడప్పుడు మాత్రమే పెట్టాలి, అందులోని ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. మిరపకాయ సంగతి పల్లెల్లో అందరికీ తెలిసినదే. మనిషి నోరు మండించే కారం చిలుక నోటికి తెలియదు. పండుమిర్చిలో 'ఎ' విటమిన్‌గా మారే పదార్థం పుష్కలంగా వున్నది. కాల్షియం కోసం సముద్రపు నురుగు ముక్కను పంజరానికి కట్టివుంచాలి. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు తగిలిన వంటలు, ఊరగాయ, టీ, కాఫీ, చాక్లెట్, అవకాడో, టమేటా, వంగ ఆకులు మాత్రం దగ్గరకు రానివ్వరాదు.

పిట్ట కూరాకు తినసాగిన తరువాత రెట్ట కాస్త నీరుగా వస్తుంది. అది ఆకులోని నీరు, విరేచనం కాదు. పిట్ట చురుకుగా వుంటే భయపడనక్కరలేదు. రెక్కలు ఉబ్బించుకుని, తోక ఎగరేస్తూ, అడుగున కూర్చుంటే మాత్రం ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి. గ్రాములు చూపే చిన్న త్రాసుతో వారానికి రెండుసార్లు బరువు చూడడం మంచిది. బరువు పదో వంతు తగ్గితే కొత్త మేత ప్రయత్నం ఆపి, గింజలు మళ్ళీ యథాప్రకారం పెట్టాలి. రోజు మేతలో అయిదో వంతు నుంచి నాలుగో వంతు వరకు కూరాకు తినగలిగితే చాలు. గింజలు పూర్తిగా మానిపించనక్కరలేదు.

మందు చల్లిన ఆకు వద్దు

గ్రామాలలో ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసిన విషయం పురుగుమందు. మనిషికి కడుపునొప్పితో పోయే మోతాదు 35 గ్రాముల పిట్టకు ప్రాణాంతకం. సంతలో కొన్న ఆకును రెండు మూడు నీళ్ళలో కడిగి గాని పెట్టరాదు. అంతకన్నా మంచి మార్గం పెరట్లోనే వున్నది. పగిలిన కుండలో మట్టి పోసి వంటింటి మెంతులు చల్లితే, వారం పది రోజులలో లేత ఆకు చేతికి వస్తుంది. ఖర్చు లేదు, మందు లేదు. వేసవిలో మిగిలిన కూర ముక్కలు రెండు గంటలలో తీసివేయాలి. మొలకలు జిగట వేస్తే పారవేయాలి.

రామచిలుకకు కూడా ఇదే పద్ధతా అని అడిగేవారు వుంటారు. మన దేశపు రామచిలుకను పంజరంలో పెట్టడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దానికి కావలసిన మేత జామచెట్టు మీదా, చేలగట్ల మీదా వున్నది. దానిని పట్టకుండా వుండడమే దానికి చేయగల ఉపకారం.

పంజరంలోనే పుట్టి, బయట బతకడం రాని బుల్లి చిలుకల మాట వేరు. వాటికి వెతుక్కునే అవకాశం లేదు. యజమాని గిన్నెలో ఏది వేస్తే అదే వాటి ప్రపంచం. అటువంటి ప్రాణిని 'తిండికి వంకలు పెడుతుంది' అని నిందించే ముందు, దానికి ఎన్ని రకాలు చూపించాం, ఎన్నాళ్ళు చూపించాం అని యింటివారు లెక్క చూసుకోవాలి. పంజరాన్ని పిల్లల ముచ్చటకోసం తెచ్చిన యిళ్ళలో ఈ పని పిల్లలకే అప్పగించవచ్చు. తెల్లవారి లేచి మెంతికూర కోసి, కడిగి, కట్టి వేలాడదీసే బిడ్డ పక్షిని బొమ్మగా చూడడం మానుతాడు. రెండో జతకు డబ్బు పెట్టబోయే పెద్దలు ముందు ఒక కుండలో గుప్పెడు మెంతులు చల్లితే, బహుశా ఆ రెండో జత కొనే అవసరమే రాకపోవచ్చు.