ఉమ్మనీటి నురగ చెప్పిన కబురు

'ఎన్నో నెలమ్మా?' అంటే ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో తేదీ చెప్పలేనివాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. 'రొట్టెల పండక్కి నెల్లూరు పోయొచ్చాక ఒకసారి బయట చేరా, అంతే' అంటారు. ఆ పండగేమో మొహర్రంతో పాటు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది! లెక్క నెల తప్పిందంటే, తొమ్మిది నిండాయనుకుని సిజేరియన్ చేసిన బిడ్డ ఊపిరికి తన్నుకులాడొచ్చు.

కారణం సర్ఫక్టెంట్ అనే పదార్థం. గాలి వదిలినప్పుడు ఊపిరితిత్తుల్లోని బుడగలు అంటుకుపోకుండా కాపాడేది అదే. నెలలు నిండేకొద్దీ అది ఊరి, ఉమ్మనీటిలోకీ చేరుతుంది. 1972లో అమెరికా వైద్యుడు జాన్ క్లెమెంట్స్ బృందం దీన్ని ఆసరా చేసుకునే ఓ తేలిక పరీక్ష చెప్పింది. కడుపులోకి సూది వేసి తీసిన ఉమ్మనీటిని గాజు గొట్టంలో పోసి, అంతే ఆల్కహాలు కలిపి, పదిహేను సెకన్లు గట్టిగా కుదిపి, పావుగంట కదపకుండా ఉంచాలి. మిగతా పదార్థాల నురగను ఆల్కహాలు చంపేస్తుంది. అప్పటికీ అంచు చుట్టూ బుడగల వలయం నిలిచిందా, ఊపిరితిత్తులు పక్వానికి వచ్చినట్టే. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. అయితే వలయం రానంత మాత్రాన పక్వం కాలేదని చెప్పలేం. నీటిలో రక్తం కలిసినా లెక్క తప్పేది.

ఇప్పుడా పరీక్ష దాదాపు మూలపడింది. ఊపిరితిత్తులు సిద్ధమైనా, 39 వారాలలోపు కారణం లేకుండా బయటికి తీస్తే పసికందుకు కామెర్లు, చక్కెర పడిపోవడం వంటి ఇబ్బందులు ఎక్కువని తేలింది. ముహూర్తం పెట్టించుకుని మరీ కోత కోయించుకునే మనవాళ్లు ఈ మాట గట్టిగా వినాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే.

మరి నెలలు నిండకుండానే నొప్పులొస్తే? ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు. 24 నుంచి 34 వారాల మధ్య అయితే బయల్దేరేముందే డెక్సామెథసోన్ తొలి ఇంజెక్షన్ ఇచ్చి పంపొచ్చని 2014లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. బిడ్డ ఊపిరితిత్తులను తొందరగా సిద్ధం చేసే మందది. ఇవ్వాలా వద్దా తేల్చడానికీ వారాల లెక్కే కావాలి.

మూడో నెలలోపు తీసిన స్కాన్ వారం తేడాతో వయసు చెబుతుంది. చివరి నెలల్లో తీస్తే మూడు వారాలదాకా తేడా రావచ్చు. పురిటికి పుట్టింటికి వెళ్లేటప్పుడు సంచిలో చీరలకంటే ముందు ఆ మొదటి స్కాన్ కాగితం పెట్టుకోండి.