తొలి రౌండు

పోటీలు ముగిసిన మరునాడు పత్రికలలో కనిపించేది పతకం మెడలో వేసుకొన్నవారి ఛాయాచిత్రమే. తొలి రౌండులోనే ఓడి, సంచీ భుజాన వేసుకొని, సాయంకాలపు బస్సులో ఇల్లు చేరినవారి ఊసు ఎవరికీ పట్టదు. లెక్క చూస్తే మాత్రం ఏ క్రీడోత్సవమైనా ముఖ్యంగా వారిదే. ముప్పయి ఇద్దరు తలపడే కుస్తీ పోటీలో మొదటి విడతతోనే పదహారుగురు నిష్క్రమిస్తారు. తక్కిన రౌండులన్నిటిలో కలిపి ఓడేవారు పదిహేనుగురే. ఓడినవారిలో సగానికి పైబడి తొలి రౌండులోనే ఓడినవారన్నమాట.

2024 నవంబరులో బస్తర్ అడవులలో ఈ లెక్క చాలా పెద్దదయింది. ‘బస్తర్ ఒలింపిక్స్’ అనే పేరుతో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం నిర్వహించిన క్రీడలలో బస్తర్, కొండగావ్, కాంకేర్, నారాయణపూర్, దంతేవాడ, బీజాపూర్, సుక్మా జిల్లాలకు చెందిన 1 లక్షా 65 వేలమంది పాల్గొన్నారు. మొదట బ్లాకు స్థాయిలో, పిదప జిల్లా స్థాయిలో, చివరకు జగదల్‌పూర్‌లో డివిజను స్థాయిలో పోటీలు జరిగాయి. బస్తర్ డివిజనులో బ్లాకులు ముప్పయి రెండు. సగటున చూస్తే ఒక్కొక్క బ్లాకులో అయిదువేల పైచిలుకు మంది బరిలో దిగారు. డిసెంబరు 15న కేంద్ర హోంమంత్రి అమిత్ షా సమక్షంలో ముగింపు ఉత్సవం జరిగిన జగదల్‌పూర్ దాకా రాగలిగినవారు సుమారు మూడు వేలు. యాభై అయిదుగురిలో ఒక్కరు! తక్కినవారందరి ఒలింపిక్స్ తమ బ్లాకులోనో జిల్లా కేంద్రంలోనో ముగిసిపోయింది.

ఆ క్రీడల పట్టికలో కుస్తీ లేదు. పరుగుపందెం, విలువిద్య, హాకీ, ఫుట్‌బాల్, బరువులెత్తడం, కరాటే మొదలైనవి ఉన్నాయి. అయితే మల్లయుద్ధానికి అక్కచెల్లెళ్లనదగిన ఆటలు రెండు వాటిలో చేరాయి. ఒకటి కబడ్డీ, అనగా మన చెడుగుడు. మోకాలి కింద దొరకబుచ్చుకొని కూతకు వచ్చిన ఆటకత్తెను నేలకు అణచివేయడం కుస్తీ పట్టు కాక మరేమిటి? రెండవది పెద్ద వయసు స్త్రీలకు పెట్టిన తాడులాగుడు పందెం. దీనిని పిల్లల వినోదమని తేలికగా చూసేవారు ఒకప్పటి సంగతి తెలుసుకోవాలి. 1900 నుంచి 1920 వరకు అసలు ఒలింపిక్స్‌లోనే ఇది పతకాల ఆట. అంతర్జాతీయ నియమాల ప్రకారం జట్టుకు ఎనిమిదిమంది. ప్రత్యర్థులను నాలుగు మీటర్లు తమ వైపునకు ఈడ్చినవారిదే గెలుపు. అందులో బలం చేతులలో కంటె మడమలలో ఎక్కువ. ఎనిమిదిమందీ ఒకే క్షణంలో వెనుకకు వాలాలి. ఒక్కరు ముందు వెనుకలైతే తాడు జారిపోతుంది. అందరికంటె చివర నిలిచేవారు తాడును చంక కిందుగా, వీపు మీదుగా, భుజం పైకి తెచ్చి, గుంజకు కట్టినట్లు తమ దేహానికే బిగించుకొంటారు. తునికాకు మోపులు, నీటి బిందెలు, ఇప్పపూల గంపలు మోసి నడుము గట్టిపడిన స్త్రీలకు ఈ ఆట ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు ఊపిరి బిగబట్టి ఊరకే నిలవాలో తెలిస్తే చాలు.

కుస్తీకి మరొక దగ్గరి బంధువు కూడా బస్తర్‌కు వచ్చి చేరింది. మల్లఖంబమంటే మల్లుల స్తంభం. ఆముదం పూసిన నున్నని కొయ్య స్తంభాన్ని ప్రత్యర్థిగా భావించి దానితో పెనగులాడే విద్య ఇది. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన ‘మానసోల్లాసం’లో దీని ప్రస్తావన ఉంది. నారాయణపూర్‌లోని అబూజ్‌మాడ్ మల్లఖంబ అకాడమీ బృందం 2023లో ‘ఇండియాస్ గాట్ టాలెంట్’ అనే టెలివిజన్ పోటీలో ప్రథమ స్థానం పొందింది. దేశపటంలో తమ ఊళ్లు సరిగా కొలతలకెక్కని సీమ నుంచి వచ్చిన పిల్లలు బొంబాయి దీపాల వెలుగులో స్తంభమెక్కి నిలిచారు.

స్త్రీ బలప్రదర్శనకు బరిలో దిగడం మన దేశంలో ఎన్నడూ సాధారణ విషయం కాలేదు. 1954లో అలీగఢ్‌కు చెందిన హమీదా బాను తనను కుస్తీలో ఓడించినవానిని పెండ్లాడతానని ప్రకటించింది. ఆ సంవత్సరమే బరోడాలో బాబా పహల్వాన్‌ను 1 నిమిషం 34 సెకన్లలో చిత్తు చేసింది. జనం విరగబడి చూశారు, పత్రికలు ఆమె బరువునూ ఆహారాన్నీ వింతగా వర్ణించాయి, పిమ్మట మరచిపోయాయి. ఆమె చివరి రోజులు బొంబాయి సమీపాన కల్యాణ్‌లో పాలు అమ్ముకొంటూ గడిచాయి. 1986లో మరణించింది.

ఇక వృత్తి కుస్తీ పోటీలో తొలి రౌండు సంగతి. 2017 జూలైలో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో ‘మే యంగ్ క్లాసిక్’ అనే పోటీ జరిగింది. పూర్వకాలపు అమెరికన్ మల్లయోధురాలు మే యంగ్ పేరిట ఏర్పరచిన ఈ పోటీలో ముప్పయి ఇద్దరు స్త్రీలు తలపడ్డారు. అందులో కవితాదేవి అనే భారతీయురాలు ఉంది. హర్యానాలోని జీంద్ జిల్లా మాల్వీ గ్రామం ఆమె స్వస్థలం. అంతకు ముందటి సంవత్సరం దక్షిణాసియా క్రీడలలో 75 కిలోల విభాగంలో బరువులెత్తి స్వర్ణం గెలిచింది. సశస్త్ర సీమాబల్‌లో ఉద్యోగం చేసింది. ఒక బిడ్డ తల్లి. జలంధర్‌లో గ్రేట్ ఖలీ వద్ద శిక్షణ పొందిన ఆమె ఫ్లారిడా గోదాలోనికి నారింజరంగు సల్వార్ కమీజ్ ధరించి, నడుముకు ఓణీ బిగించి దిగింది. న్యూజీలాండ్‌కు చెందిన డకోటా కై చేతిలో తొలి రౌండులోనే ఓడిపోయింది. మరుసటి సంవత్సరం మళ్లీ వచ్చింది; మళ్లీ తొలి రౌండులోనే, ఈసారి కెయిట్లిన్ చేతిలో, ఓడిపోయింది.

వృత్తి కుస్తీలో గెలుపోటములు ముందుగానే నిర్ణయమై ఉంటాయి. ఇది లోకానికి తెలిసిన రహస్యమే. కాబట్టి కవిత ఓటమి కూడా ఎవరో కాగితంపై వ్రాసి ఉంచినదే. అంతమాత్రాన అది నాటకమని కొట్టివేయడం న్యాయం కాదు. తలకిందులుగా ఎత్తి పడవేసినప్పుడు వీపునకు తగిలే చెక్కబల్ల కల్పితం కాదు. తొలి రౌండులో ఓడవలసినవారుగా ఎవరిని ఎంచుతారన్నది అంతకంటె ఆలోచించదగిన విషయం. ఒక దేశం పేరు జాబితాలో చేరడానికి ఒకరు కావాలి; ఆ ఒకరు త్వరగా తప్పుకోవాలి. అయినను ఆ రెండు ఓటముల నడుమ ఆమె డబ్ల్యు.డబ్ల్యు.ఇ. సంస్థతో ఒప్పందం చేసుకొన్న మొదటి భారతీయ మహిళ అయింది. ఓడిన పోటీయే ఆమెకు జీతం తెచ్చిపెట్టింది.

వ్రాసిపెట్టిన ఫలితం లేని కుస్తీలో తొలి రౌండు ఎంత కఠినమో 2024 ఆగస్టు 6న పారిస్‌లో తెలిసివచ్చింది. 50 కిలోల విభాగంలో వినేశ్ ఫోగట్‌కు మొట్టమొదటనే ఎదురైనది జపాన్‌కు చెందిన యుయి సుసాకి. అంతవరకు అంతర్జాతీయ పోటీలలో ఎవరి చేతిలోను ఓడని, టోక్యో స్వర్ణపతక విజేత. చివరి క్షణాలలో వినేశ్ 3-2 పాయింట్లతో గెలిచింది. మరునాటి ఉదయం నూరు గ్రాముల అధిక బరువు కారణంగా ఆమెను పోటీ నుంచి తొలగించి, పట్టికలో అట్టడుగున చేర్చారు. అధికార పత్రాలను నమ్మి చూసేవారికి ఆమె చిట్టచివరి స్థానంలో నిలిచినది. తొలి రౌండు కళ్లారా చూసినవారికి ఆ పత్రంతో పనిలేదు.

బస్తర్ మైదానాలలో ఫలితం ఎవరూ ముందుగా వ్రాయలేదు. పైగా అక్కడ పందెం పతకానికి సంబంధించినది మాత్రమే కాదు. 2005లో సల్వా జుడుం ఆరంభమైన పిమ్మట దక్షిణ బస్తర్‌లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలాదిమంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవులలో గుడిసెలు వేసుకొన్నారు. వారిని గుత్తికోయలని తెలుగువారు ఎరుగుదురు. సల్వా జుడుం పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో తీర్పు చెప్పింది. కాని కూలిన బడులు తీర్పుతో లేచి నిలవలేదు. బీజాపూర్, సుక్మా జిల్లాలలో ఎందరో బాలికలు ‘పోటా కేబిన్’ అని పిలిచే వెదురు తడికల వసతి పాఠశాలలలో అమ్మానాన్నలకు దూరంగా పెరిగారు. పదిమంది ఒక్కచోట కూడితే అటు పోలీసులకూ ఇటు మావోయిస్టులకూ అనుమానమే అయిన కాలం అది. అటువంటి సీమలో ఒక ఊరి స్త్రీలు ఎనిమిదిమంది కూడి, మరొక ఊరి స్త్రీలు ఎనిమిదిమందికి ఎదురుగా నిలిచి, జనం కేకలు వేస్తుండగా తాడు పట్టుకోవడమే ఒక విశేషం. అందులో ఎవరు నాలుగు మీటర్లు జరిగారన్నది తరువాతి మాట.

ప్రభుత్వం ఈ క్రీడలను ప్రచారానికి వాడుకొన్నదని అనేవారున్నారు. వాడుకొన్న మాట నిజమే. వేదికలు, ఉపన్యాసాలు, అడవిదున్నా కొండ గోరింకా గుర్తులుగా బొమ్మలు, ఏదీ తక్కువ కాలేదు. లొంగిపోయిన మావోయిస్టుల కోసం ‘నువా బాట్’ అనే పేరుతో ప్రత్యేక జట్టే ఏర్పడింది. కొత్త బాట అని అర్థం. తెలుగువానికి వివరించనక్కరలేని మాట. మందుపాతరలు పేలి కాళ్లు పోగొట్టుకొన్నవారికి వేరుగా పోటీలు పెట్టారు. ఒకప్పుడు ఆ మందుపాతరల పక్షాన ఉన్నవారూ, వాటి వలన గాయపడినవారూ ఒకే ప్రాంగణంలో కూర్చొని భోజనం చేసే రోజు వస్తుందని పదేళ్ల క్రితం ఎవరైనా అంటే నవ్వి ఉండేవారు. ప్రచారానికైనా సరే, ఆ ప్రాంగణం ఏర్పడడం మంచిదే.

గోండీ భాషలో కూర్చిన నినాదం ఒకటి ఆ మైదానాలలో మారుమోగింది. ‘కర్సాయ్ తా బస్తర్, బర్సాయ్ తా బస్తర్’, అంటే బస్తర్ ఆడుతుంది, బస్తర్ గెలుస్తుంది అని. ఆడుతుంది అన్న మాట ముందు వచ్చింది. 2024 డిసెంబరు 29న ప్రధానమంత్రి తన ఆకాశవాణి ప్రసంగంలో ఈ నినాదాన్ని ఉదాహరించి, జావలిన్ విసరుటలో స్వర్ణం గెలిచిన సుక్మా వాసి పాయల్ కవాసి మొదలైన కొందరిని పేరు పెట్టి పలికారు. వేళ్లమీద లెక్కించదగినన్ని పేర్లు అవి. తక్కినవారి పేర్లు బ్లాకు కార్యాలయాల నమోదు పుస్తకాలలో ఉన్నాయి: ఊరు, వయసు, ఆట.

2025లో ఈ పోటీలు రెండవసారి జరిగాయి. అప్పుడు పాల్గొన్నవారి సంఖ్య 3 లక్షల 91 వేలు. మునుపటి సంవత్సరానికి ఇది రెండింతలకు మించినది. స్త్రీల సంఖ్య అంతకంటె ఎక్కువ దామాషాలో పెరిగింది. జగదల్‌పూర్ మైదానం మాత్రం పెరగలేదు. అందువలన తొలి రౌండులో ఓడి ఇల్లు చేరినవారు ఈసారి మరి రెండు లక్షలకు పైగా ఎక్కువ.