అర్ధరాత్రి దారం రీలు, విడి సిగరెట్టు: కార్ఖానా జేబుకు రెండు చిల్లులు

సిగరెట్ల మీద కొత్త పన్ను 2026 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదే నెలలో రంజాన్ కూడా మొదలయింది. ఈ రెండూ ఒకేసారి వచ్చి తగిలిన చోటు ఒకటుంది. అది స్టాక్ మార్కెట్ కాదు, పెద్ద కంపెనీల ఆఫీసూ కాదు. ఈద్ బట్టలు కుట్టే పాతబస్తీ కార్ఖానా.

రంజాన్‌లో కార్ఖానా గడియారం తలకిందులవుతుంది. పగలు రోజా, పని తక్కువ. ఇఫ్తార్, తరావీహ్ అయ్యాక మిషన్లు మొదలైతే సహర్ దాకా ఆగవు. షేర్వానీలు, కుర్తా పైజామాలు, ఆడపిల్లల షరారాలు, అన్నీ చాంద్ రాత్‌కు ముందే అందాలి. పని రాత్రికి మారిందంటే ఖర్చు కూడా రాత్రికి మారుతుంది. దారం అయిపోయేది పన్నెండింటికి, సూది విరిగేది ఒంటిగంటకు. పగలంతా ఆపుకున్న సిగరెట్టు గుర్తొచ్చేదీ ఆ గంటల్లోనే. చోటూను బజారుకు పంపితే వాడి చేతికిచ్చే చిట్టీలో రెండూ ఉంటాయి: నల్ల దారం రెండు రీళ్లు, సిగరెట్లు నాలుగు.

ఆ చిట్టీలోని రెండు సరుకుల ధరా ఎందుకు పెరిగిందో విడివిడిగా చూస్తే కారణాలు వేరు. కలిపి చూస్తే మాత్రం ఒకటే లెక్క కనిపిస్తుంది. ఆలస్యంగా కొనేవాడు, కొద్దికొద్దిగా కొనేవాడు అందరికంటే ఎక్కువ కడుతున్నాడు.

ముందు సిగరెట్టు సంగతి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్ల మీద 28 శాతం జీఎస్టీ, దానిపైన రాష్ట్రాల నష్టపరిహారం కోసం సెస్సు పెట్టారు. కరోనా కాలంలో ఆదాయం పడిపోతే కేంద్రం రాష్ట్రాల కోసం రెండేళ్లలో దాదాపు 2.69 లక్షల కోట్ల అప్పు తెచ్చింది. ఆ అప్పు తీర్చడానికే సెస్సును పొడిగిస్తూ వచ్చారు. 2025 సెప్టెంబర్‌లో మిగతా సరుకుల మీద జీఎస్టీ శ్లాబులు మారినా పొగాకు జోలికి పోకపోవడానికి కారణం ఇదే. అప్పు తీరే సమయం దగ్గరపడగానే డిసెంబర్‌లో పార్లమెంటు ఎక్సైజ్ చట్టాన్ని సవరించింది. సెస్సు పోయింది. దాని స్థానంలో వెయ్యి సిగరెట్లకు 2,050 రూపాయల నుంచి 8,500 రూపాయల దాకా ఎక్సైజ్ సుంకం వచ్చింది. జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి ఎక్కింది.

మామూలు మనిషి భాషలో చెప్పాలంటే, పొట్టి సిగరెట్టు ఒక్కోదాని మీద రెండు రూపాయల పైచిలుకు, పొడుగు ఫిల్టర్ సిగరెట్టు మీద ఐదు రూపాయల పైన ఎక్సైజ్ సుంకమే పడుతోంది. ఆపైన 40 శాతం జీఎస్టీ వేరే. పొడవు పెరిగే కొద్దీ సుంకం పెరుగుతుంది. పొగ తాగేవాళ్లు మిల్లీమీటర్ల లెక్క ఎప్పుడూ చూడరు గానీ, ధర నిర్ణయించేది ఆ మిల్లీమీటర్లే.

సెస్సు పోయి ఎక్సైజ్ రావడంలో ఇంకో మార్పు ఉంది. నష్టపరిహార సెస్సు ఆ పనికే పరిమితం. ఎక్సైజ్ సుంకం మాత్రం కేంద్రం, రాష్ట్రాలు పంచుకునే ఖాతాలోకి పోతుంది, అందులో 41 శాతం రాష్ట్రాల వాటా. అంటే కార్ఖానాలో కాలే ప్రతి సిగరెట్టు నుంచి ఇకపై తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఖజానాలకు కూడా కొంత చేరుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోందో, ఎవరికోసం ఖర్చవుతోందో అడిగే హక్కు అక్కడి నుంచే పుడుతుంది.

పన్ను లెక్క పాకెట్టు మీద రాసి ఉంటుంది. కారీగర్ కొనేది పాకెట్టు కాదు. పాన్ డబ్బా దగ్గర ఒకటో రెండో విడిగా కొంటాడు. విడి సిగరెట్టుకు ఎమ్మార్పీ ముద్ర ఉండదు. డబ్బావాడి దగ్గర చిల్లర ఉండదు, కాబట్టి రూపాయి పావలా పెరిగినా చేతిలో రెండు రూపాయలు పెరుగుతుంది. అర్ధరాత్రి అయితే ఇంకో రూపాయి. పక్కన ఇంకో డబ్బా తెరిచి ఉండదు కదా, బేరం ఎవరితో ఆడతాడు? పాకెట్టు కొనేవాడు ప్రభుత్వం పెంచినంతే కడుతుంటే, విడిగా కొనేవాడు ప్రభుత్వం పెంచిందీ, డబ్బావాడు పెంచిందీ కలిపి కడుతున్నాడు. విడి సిగరెట్ల అమ్మకాన్ని మహారాష్ట్ర 2020లోనే నిషేధించింది. పాకెట్టు మీద 85 శాతం జాగాలో ఉండే హెచ్చరిక బొమ్మ విడిగా కొనేవాడి కంటికి కనపడదు, నిషేధానికి ముఖ్యమైన వాదన అదే. గల్లీ గల్లీలో డబ్బా ఉన్న నగరంలో దాన్ని అమలు చేయడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక దారం రీలు. బేగంబజార్, ఉస్మాన్‌గంజ్, రాణీగంజ్, ట్రూప్ బజార్... హైదరాబాద్‌లో చేతిపని చేసేవాళ్లకు సామాను దొరికే పెద్ద బజార్లు ఇవి. బట్ట, అస్తర్, లేసు కావాలంటే పత్థర్‌గట్టీ, మదీనా వైపు. హోల్‌సేల్ దుకాణాలకు రాత్రి వ్యాపారం అలవాటు లేదు. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ చుట్టూ వెలుగులే వెలుగులు గానీ, అక్కడ తెరిచి ఉండేది తయారైన సరుకు అమ్మే దుకాణం. గాజులు, చెప్పులు, అత్తర్లు, హలీమ్. ఆ సరుకు తయారు చేసేవాడికి కావలసిన సూది, దారం, బకరం, జిప్పు అమ్మే దుకాణం షట్టర్ దించి ఉంటుంది. కొనేవాడికి రాత్రంతా బజారు ఉంది, చేసేవాడికి లేదు.

అందుకే గల్లీ చివర చిన్న దుకాణం దిక్కవుతుంది. పగలు డబ్బా లెక్కన కొంటే ఒక రేటు, రాత్రి ఒక్క రీలు కొంటే ఇంకో రేటు. ఇది దర్జీల కష్టం మాత్రమే కాదు. ఈద్ లోపు సోఫాకు పాలిష్ చేసి ఇవ్వాల్సిన వడ్రంగికి థిన్నర్ కావాలి, గేటు పని ఒప్పుకున్న వెల్డర్‌కు రాడ్లు, కటింగ్ బ్లేడు కావాలి. ముందే కొని పెట్టుకోవచ్చు కదా అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ముందే కొనాలంటే ముందే డబ్బు ఉండాలి. గిరాకీ అడ్వాన్స్ ఇచ్చేది ఇఫ్తార్ తర్వాత, అది చేతికొచ్చేసరికి హోల్‌సేల్ బజారు మూసేసి ఉంటుంది. కొన్ని కార్ఖానాల్లో దారం, సూదుల ఖర్చు సేటు భరిస్తాడు. పీసు లెక్కన పనిచేసే చాలా చోట్ల అది కారీగర్ మీదే పడుతుంది.

రాత్రి దుకాణాల విషయంలో ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేం. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం దుకాణాలు 24 గంటలూ తెరుచుకోవచ్చని జీవో ఇచ్చింది. అయితే దానికి ఏడాదికి 10,000 రూపాయల ఫీజు, సిబ్బందికి వారం సెలవు, ఓవర్‌టైమ్ జీతం, రాత్రి పనిచేసే మహిళల అనుమతి, వాళ్లకు రవాణా, ఇలా షరతులు ఉన్నాయి. షరతులు మంచివే. సూపర్ మార్కెట్‌కు పదివేలు లెక్కే కాదు. రీళ్లు, బటన్లు అమ్మే చిన్న దుకాణదారు ఆ ఫీజు కట్టి ఏడాదిలో ఒక్క నెల కోసం ఎందుకు తెరుస్తాడు?

2024 వేసవి తర్వాత హైదరాబాద్‌లో పోలీసులు పదిన్నర, పదకొండు గంటలకే దుకాణాలు మూయిస్తున్నారని గొడవ నడిచింది. విషయం అసెంబ్లీ దాకా వెళ్లాక, ఆ ఏడాది ఆగస్టులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మద్యం దుకాణాలు తప్ప మిగతావి రాత్రి ఒంటిగంట దాకా నడుపుకోవచ్చని ప్రకటించారు. 2025లో రంజాన్ నెలంతా రాత్రింబవళ్లు తెరుచుకోవడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. కాగితం మీద వెసులుబాటు పెరుగుతూనే వచ్చింది. కానీ ఈ నిర్ణయాలన్నింటిలో మనసులో పెట్టుకున్నది హోటలూ, షాపింగూ. కార్ఖానా సామాను గురించి ఎవరూ ఆలోచించినట్టు కనపడదు. బేగంబజార్ వ్యాపార సంఘాలతో మాట్లాడి, రంజాన్ చివరి పదిహేను రోజులు దారం, బటన్ల దుకాణాలు వంతుల వారీగా పన్నెండు దాకా తెరిపించినా సగం బాధ తీరుతుంది. దానికి జీవో కూడా అక్కర్లేదు.

ఇంటి లెక్కకు వద్దాం. ఒక కారీగర్ రోజుకు ఎనిమిది సిగరెట్లు తాగుతాడనుకుందాం. ఒక్కోటి మూడు రూపాయలు పెరిగిందనుకుంటే రోజుకు 24, నెలకు 720 రూపాయలు. రోజూ ఇంటికొచ్చే అర లీటరు పాల పాకెట్టు ధరకు దగ్గరగా ఉంటుంది ఆ 24. పెరిగిన డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఇంట్లో ఆడవాళ్లకు బాగా తెలుసు. సిగరెట్టు ఖర్చు మీదికి వచ్చినప్పుడు తగ్గేది సిగరెట్టు కంటే ముందు పండ్లు, పాలు, పిల్లల ట్యూషన్ ఫీజు.

పన్ను పెంచడం తప్పు అనడం లేదు. సిగరెట్టు ధరలో పన్ను కనీసం 75 శాతం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొత్త పన్నుకు ముందు మన దేశంలో అది 53 శాతం దగ్గర ఉండేది. ధర పెరిగితే కుర్రాళ్లు అలవాటు చేసుకోవడం తగ్గుతుందన్నది చాలా దేశాల అనుభవం. చోటూ వయసు వాడు సిగరెట్లు తేవడానికి వెళ్లి తానూ ఒకటి వెలిగించుకోకుండా ఉంటే అదే పెద్ద లాభం. అసలు పద్దెనిమిదేళ్లు నిండని వాడికి సిగరెట్లు అమ్మడమే 2003 చట్టం ప్రకారం నేరం. చిట్టీ రాసిచ్చి పంపే ఉస్తాద్‌కు ఆ సంగతి తెలియదనుకోవాలా, తెలిసీ పంపుతున్నాడనుకోవాలా?

చిక్కు వేరే చోట ఉంది. సిగరెట్టు ధర పెరిగిన అదే రోజున బీడీ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బీడీ ఆకు మీద పన్ను కూడా 18 నుంచి 5 శాతానికి దించారు. ఒకదాన్ని ఖరీదు చేసి పక్కదాన్ని చవక చేస్తే మనిషి మానేయడు, మారతాడు. 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో సిగరెట్టు తాగేవాళ్లు 4 శాతం అయితే, బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. బీడీ పొగ సిగరెట్టు పొగ కంటే మేలనే మాటకు వైద్యంలో ఆధారం లేదు. అయినా ఆరోగ్యం పేరుతో పెంచిన పన్ను బీడీ దగ్గరికి వచ్చేసరికి నోరు మెదపలేదు.

ఎందుకు మెదపలేదో తెలంగాణలో ఎవరినడిగినా చెబుతారు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, నిర్మల్, సిద్దిపేట జిల్లాల్లో లక్షల మంది ఆడవాళ్ల బతుకు బీడీ చాట మీద నడుస్తోంది. వాళ్లలో ముస్లిం కుటుంబాల ఆడవాళ్లు ఎందరో. బయటికి వెళ్లి పనిచేసే వీలులేని ఇంట్లో కూర్చునే వెయ్యి బీడీలు చుడితే నాలుగు డబ్బులు. నగరంలో అన్న సిగరెట్టు మానేసి బీడీ పట్టుకుంటే, ఊళ్లో చెల్లెలికి పని పెరుగుతుందన్నమాట. పొగాకు దుమ్ముతో దగ్గు, వంగి కూర్చుని నడుం నొప్పి కూడా పెరుగుతాయి. బీడీ కార్మికుల సంక్షేమం కోసం వసూలు చేసే ప్రత్యేక సెస్సును జీఎస్టీ వచ్చిన 2017లోనే ఎత్తేశారు. ఆ సంక్షేమ నిధి నుంచే వాళ్ల ఆసుపత్రులు, పిల్లల స్కాలర్‌షిప్‌లు నడిచేవి. తెలంగాణలో 2,016 రూపాయల పింఛను వస్తోంది, అదీ పీఎఫ్ ఖాతా ఉన్నవాళ్లకు. ఇప్పుడు సిగరెట్టు ఎక్సైజ్‌లో రాష్ట్రానికి వచ్చే వాటాలో కొంత ఈ ఆడవాళ్లకు వేరే పని నేర్పడానికి కేటాయించమని అడగడంలో తప్పేముంది? ఒంగోలు, గుంటూరు వైపు పొగాకు రైతుల కోసం గొంతెత్తే నాయకులు చాలామందే ఉన్నారు. బీడీ చాట ముందు కూర్చున్న ఆమె కోసం మాట్లాడేవాళ్లే తక్కువ.

పొగ తాగడం మక్రూహా, హరామా అన్న చర్చ ఉలమాల్లో పాతదే. అది ఎటు తేలినా, రంజాన్ ఒక సంగతి ఏటా రుజువు చేస్తోంది. రోజుకు పాకెట్టు తాగేవాడు కూడా పదమూడు గంటలు ముట్టకుండా ఉండగలుగుతున్నాడు. మిగిలింది ఇఫ్తార్ నుంచి సహర్ వరకు ఉన్న పది పదకొండు గంటలే, అంటే కార్ఖానా గంటలు. నిద్ర లేకపోవడం, పని ఒత్తిడి, పక్కవాడి చేతిలో వెలుగుతున్న సిగరెట్టు, అన్నీ ఆ గంటల్లోనే. మానాలనుకునేవాడికి సాయం కావలసిందీ అప్పుడే. ప్రభుత్వం నడిపే ఉచిత నంబర్ 1800-11-2356 పాకెట్టు మీదే అచ్చయి ఉంటుంది. విడిగా కొనేవాడు ఆ పాకెట్టు చూడడు కాబట్టి నంబర్ కూడా చూడడు. మసీదు నోటీసు బోర్డు మీద సహర్, ఇఫ్తార్ వేళల పట్టిక కింద ఆ నంబర్ ఒక్క వరుసలో రాయొచ్చు. కార్ఖానా గోడ మీద కొలతల చిట్టీల పక్కన కూడా జాగా ఉంటుంది.