మభ్యపెట్టి చేర్పింపనేల?

హైదరాబాదున ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాలను, విశాఖపట్టణమున చినవాల్తేరు మానసిక వైద్యశాలను సినిమా హాస్యగాండ్రును అరుగుమీది వాచాలురును కలసి పరిహాసాస్పదములుగ జేసివైచిరి. తత్ఫలముగ, ఇంటిలో నొకరికి నిద్ర కఱవై, అన్నము సయింపక, ఎవరో తన్ను వెంటాడుచున్నారను భీతితో పట్టపగలు తలుపులు బిగించుకొనుచుండగా, బంధువులు తాయెత్తులతోను మ్రొక్కుబళ్లతోను నెలలు వెళ్లబుచ్చి, పరిస్థితి చేయిదాటిన పిమ్మట, తిరుపతికి పోదము రమ్మని మభ్యపెట్టి కారెక్కించి, మనోవైద్యశాల వాకిట దింపుదురు. అచ్చట రోగికి మొదట తగులు దెబ్బ వ్యాధిది కాదు, తనవారిది. అటుపై వైద్యుని మాటను, ఆయన ఇచ్చిన మాత్రను ఆ రోగి నమ్మకున్నచో తప్పెవరిది?

నిజము చెప్పుటయే మేలు. చెప్పవలసిన నిజమును అంత భయంకరమైనది కాదు. చేరిన దినమున వైద్యులు రోగితోను, వెంటవచ్చినవారితోను వేర్వేరుగ మాటాడి, రోగము పుట్టుపూర్వోత్తరములు వ్రాసికొందురు. థైరాయిడ్ మొదలగు శారీరక దోషములును మనస్సును కలతపెట్టగలవు గనుక రక్తపరీక్షలు చేయింతురు. నర్సు సంచి విప్పి బ్లేడు, బెల్టు, చున్నీ, ఫోను ఛార్జరు తీసి వేఱుపెట్టును. పెక్కుమందికి ఇదియే అవమానముగ దోచును. వార్డులోని అందఱి రక్షణకొఱకు ఏర్పడిన నియమమని ముందే తెలిపినచో ఆ నొప్పి సగము తగ్గును.

మందు మ్రింగినంతనే గుణము కానరాదు. విషాదరోగమునకిచ్చు మాత్రలు పనిచేయుటకు రెండు మూడు వారములు పట్టును. నోరెండుట, మగత వంటి బాధలు మాత్రము ముందే పలుకరించును. ఈ క్రమవైపరీత్యమును ఎవ్వరును విప్పిచెప్పకపోవుటచేతనే, మందిచ్చి పిల్లవానిని మఱింత పాడుచేసిరని తల్లులు విలపింతురు. విద్యుచ్చికిత్స సినిమాలో చూపినట్టిది కాదు. మత్తును, కండరములను సడలించు మందును ఇయ్యక దానిని చేయుటను 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము నిషేధించినది. ఈ చికిత్సవలన కొన్నాళ్లు మతిమఱపు కలుగుట గలదు. ఆ మాటయు దాచరాదు. ఇక వార్డులో వైద్యుల రౌండ్లు, భోజనము, మాత్రలకై వరుస పోగా మిగిలిన కాలమంతయు, ఉన్నమాట చెప్పవలెనన్న, విసుగు.

2018 మే 29 నుండి అమలునకు వచ్చిన ఆ చట్టము ప్రకారము, స్వయముగ సమ్మతించి చేరినవారు కోరినపుడు వెడలిపోవచ్చును. అవసరమని తోచినచో పరీక్షకై వైద్యుడు 24 గంటలకు మించకుండ ఆపవచ్చును. సమ్మతించు స్థితిలో లేనివారిని, వారి ప్రతినిధి దరఖాస్తుపై ఇద్దఱు నిపుణులు విడివిడిగ పరీక్షించి, మొదట 30 దినముల వఱకు ఉంచుకొనవచ్చును. రోగికి తన బట్టలు తాను కట్టుకొను హక్కు గలదు, బలవంతముగ గుండు చేయరాదు, గొలుసు వేయరాదు. 2001 ఆగస్టులో తమిళనాడునందలి ఏర్వాడిలో, దర్గా నీడన స్వస్థత చేకూరునని బంధువులు వదలిపోయినవారు 28 మంది ఒక ప్రైవేటు ఆశ్రమపు మంటలలో మడిసిరి. పలువురి కాళ్లకు గొలుసులుండెను. చట్టము వచ్చినను, సంతకము పెట్టించుకొను కాగితమును రోగికి చదివి వినిపించు వార్డులెన్ని?

కనుక, మనస్సు కుదుటగా నున్న దినములలోనే, వ్యాధి ముదిరినపుడు తన పక్షమున మాటాడవలసినవారెవరో మైనరు కాని ప్రతివారును నిర్ణయించుకొనవచ్చును. ఆ ప్రతినిధిని నియమించుటకు స్టాంపు కాగితము అక్కఱలేదు. తెల్లకాగితముపై వ్రాసి, సంతకమో వ్రేలిముద్రయో వేసిన చాలును.