చూపు ఉన్నది, చలనం లేదు

మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. అయినా కనిపించదు గనుక ఏమీ చేయలేమన్న వాదన నేడు చెల్లదు. నేలను తాకి పైకి మరలే సూర్యకాంతిలో కొన్ని పరారుణ కిరణాలను ఆ వాయువు మింగివేస్తుంది. ఆ లోటును కొలిచి, పెద్ద లీకు ఎక్కడున్నదో ఉపగ్రహం చెప్పగలదు.

అట్లా పట్టుబడిన లీకుల మీద ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ప్రభుత్వాలకూ చమురు సంస్థలకూ రెండేళ్లలో సుమారు 1,200 హెచ్చరికలు పంపింది. సరైన స్పందన లభించినది ఒక శాతానికేనని 2024లో తానే ప్రకటించింది. రోగ నిర్ధారణ పత్రాన్ని సొరుగులో దాచే వైద్యుణ్ణి మనం క్షమిస్తామా?

2014 జూన్ 27 వేకువన, తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుండి వెలువడిన గ్యాస్ అంటుకొని ఇరవై మందికి పైగా బలయ్యారు. ఎండ లేని ఆ వేళ ఉపగ్రహమూ గుడ్డిదే. చిన్న లీకులు దానికి పగలైనా ఆనవు. కనుక నేలమీది తనిఖీకి అది తోడే గాని బదులు కాదు.

ప్రతి హెచ్చరికకూ గడువులోగా మరమ్మతు జరగాలి. ఆ వివరం పంచాయతీ గోడమీద కనబడాలి. ఇది చట్టం కావాలి. కాలిన ఒంటికి కట్టు కట్టడం ప్రజారోగ్యం కాదు. కాలకుండా కాపాడటమే ప్రజారోగ్యం.