గోడ మిగిలింది, గది పోయింది

నిన్న పొద్దున మా బాబాయి కొడుకు పెరట్లో ముగ్గు పోయించాడు. మిరపకాయల డబ్బులు చేతికొచ్చాయి, ఇంటి వెనక రెండు గదులు వేద్దామని. మంచిదే. పిల్లలు పెద్దోళ్ళయ్యారు, ఉన్న ఇల్లు చాలటం లేదు. కానీ ఆ ముగ్గు తిన్నగా పోయి ట్రాక్టర్ షెడ్డు గోడకి ఆనింది.

"మధ్యలో సందు ఏదిరా?" అన్నా.

"సందెందుకన్నా? షెడ్డు గోడ ఉందిగా. దాని మీదే శ్లాబు ఆనిస్తే ఒక గోడ మిగులుద్ది" అన్నాడు. పక్కనున్న మేస్త్రి తలూపాడు. చూడ్డానికొచ్చిన నలుగురూ తలూపారు.

మూడేళ్ళ కిందట నా ముగ్గు దగ్గరా ఇదే మాట. అప్పుడు తలూపినోళ్ళలో నేనూ ఉన్నా. అందుకే ఇంత పొడుగు పోస్టు రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మా ఇంటి వెనక గోడకీ షెడ్డుకీ మధ్య 16 అడుగుల జాగా ఉండేది. అంగుళం వదలకుండా కలిపేసి గది వేశా, మా అమ్మకని. షెడ్డు గోడే గదికి నాలుగో గోడ. ఓ రెండు వేల ఇటుకలు, నాలుగు రోజుల కూలి మిగిలింది. తెలివైన పని చేశాననుకున్నా. మిగతా ఖర్చుకి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చా. ఆ అప్పు ఇంకా ఉంది. గదిలో మాత్రం మనిషి లేడు.

ఎందుకో చెప్తా.

మొదటిది పునాది. షెడ్డు గోడ కట్టింది రేకులు మొయ్యడానికి. దాని కింద రెండడుగుల రాతి కట్టు, అంతే. దాని మీద శ్లాబు బరువు పెట్టాం. అవతల కొత్త పిల్లర్లకి ఐదడుగుల గుంటలు తీశాం, అదీ పాత పునాదిని ఆనుకుని. పాత గోడ కింద మట్టి గుంటలోకి జారితే ఆ గోడకి ఆధారమేముంటది? పైగా మనది నల్లరేగడి. వానకి ఉబ్బుద్ది, ఎండకి నెర్రెలిచ్చుద్ది. పాత కట్టడం ఒక లెక్కన, కొత్తది ఒక లెక్కన కదులుతుంటాయి. రెండిటినీ ఒకటిగా కడితే అతుకు దగ్గరే బీట పడుద్ది. నాకు మొదటి వేసవికే పడింది. రెండుసార్లు సిమెంటు పూయించా. మళ్ళీ అక్కడే విచ్చుకుంది.

రెండోది చూరు నీళ్ళు. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న షెడ్డు మీద ఒక్క అంగుళం వాన పడితే 940 లీటర్ల పైన నీళ్ళు. అంటే దాదాపు ఐదు డీజిల్ డ్రమ్ములు. నా షెడ్డు రేకుల వాలు ఇంటివైపే. ఇదివరకు ఆ నీళ్ళు సందులో పడి వీధి కాలవలోకి పోయేవి. ఇప్పుడు సందు లేదు. నీళ్ళన్నీ గోడ మొదట్లోకే. గోడ మూడడుగుల ఎత్తుదాకా చెమ్మే. చూరు నీళ్ళు పక్కోడి జాగాలో పడితే పెద్దమనుషుల దాకా పోయే మనం, మన చూరు నీళ్ళు మన మంచం కింద పోసుకుంటున్నాం.

మూడోది పొగ, మందుల వాసన. ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. షెడ్డులో ఏముంటాయో మీకు చెప్పాలా? డీజిల్ క్యాన్లు, బ్యాటరీ, పురుగుమందు డబ్బాలు, కడగని స్ప్రేయరు. గోడ మీద రేకులకీ శ్లాబుకీ మధ్య చెయ్యి పట్టే సందు మిగిలిపోయింది. తెల్లారి ఐదింటికి నేను ట్రాక్టర్ స్టార్ట్ చేస్తే ఆ పొగ నేరుగా అమ్మ గదిలోకి. ఏడాది తిరక్కుండానే రాత్రిళ్ళు దగ్గు, ఆయాసం. పొలంలో దుమ్ము అనుకున్నాం, చలి అనుకున్నాం. డాక్టరు మందులు రాస్తూ అడిగాడు, "పడుకునే చోటుకి దగ్గర్లో పొగ గానీ పురుగుమందులు గానీ ఉన్నాయా?" అని. అమ్మ నా మొహం చూసింది. నేను నేల చూశా.

డీజిల్ పొగ క్యాన్సర్ తెప్పించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి చెప్పింది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు. ముగ్గు పోసేనాడు సిద్ధాంతి ఆయం చూశాడు, మేస్త్రి ఇటుకలు లెక్కేశాడు. పొగ ఎటు పోవాలని ఒక్కడూ అడగలేదు. ఇంటి యజమానిని నేను, నేనే అడగలేదు.

నాలుగోది తిరుగుడు. గది వేశాక ట్రక్కు తగిలించిన ట్రాక్టర్ నా పెరట్లో తిరగదు. వీధిలోనించి వెనక్కి తోసుకుంటూ రావాలి. వెనక చక్రం పక్క పిల్లలు ఆడుకుంటుంటే నా గుండె నా దగ్గరుండదు.

మన పెద్దోళ్ళకి ఇంజినీర్లు లేరు. అయినా గడ్డివామిని ఏనాడన్నా ఇంటికి ఆనించి వేశారా? గొడ్ల సావిడి గోడని పడకింటి గోడతో కలిపారా? నిప్పు పడితే ఇల్లు దక్కాలని, కంపు ఇంట్లోకి రాకూడదని దూరం పెట్టారు. మనం గడ్డివామి తీసేసి డీజిల్ పెట్టుకున్నాం, దూరం మాత్రం తీసేశాం.

"నీకేమన్నా, మాకు జాగా ఎక్కడుంది?" అంటారు. సరే, లెక్క చూద్దాం. 20 అడుగుల గోడ పొడుగునా నాలుగడుగుల సందు వదిలితే 80 చదరపు అడుగులు. సెంటంటే సుమారు 435 చదరపు అడుగులు. అంటే మీరు వదిలేది సెంటులో ఐదో వంతు కూడా కాదు. పొలం గట్టు దగ్గర అంతకంటే ఎక్కువే వదులుకుంటున్నాం. పంచాయతీకిచ్చే ప్లానులో చుట్టూ ఖాళీ గీయిస్తాం, కట్టేటప్పుడు మింగేస్తాం. ఎవర్ని మోసం చేస్తున్నట్టు?

నిజంగానే జాగా లేనోళ్ళు ఉంటారు. వాళ్ళకి నేను చెప్పేది, గది కుదించండి, సందు కుదించొద్దు. అదీ కాకపోతే షెడ్డునే జరపండి. నాలుగు ఇనప స్తంభాలు, రేకులు విప్పి ఇంకో మూల నిలబెట్టొచ్చు. శ్లాబుని జరపలేం.

ముగ్గు పోశాక, గుంట తియ్యకముందు ఒక్క పని చెయ్యండి. ట్రక్కు తగిలించి ట్రాక్టర్‌ని ఆ ముగ్గు తొక్కకుండా షెడ్డులోంచి బయటికి, బయటినించి లోపలికి తిప్పి చూడండి. రేకుల వాలు ఎటుందో, ఆ నీళ్ళు ఎటు పోతాయో చూడండి. కొత్త గది కిటికీ షెడ్డువైపు పెట్టొద్దు. కొత్త గోడకి కొత్త పునాది, పాతదానికి ఎడంగా. పాత గోడ మీద శ్లాబు పెడదామన్న మేస్త్రిని, బీట పడితే బాగుచేసిస్తానని కాగితం మీద రాసిమ్మనండి. రాసిస్తాడేమో చూడండి.

అమ్మ ఇప్పుడు ముందు హాల్లో పడుకుంటోంది. వచ్చేపోయేవాళ్ళ మధ్య, టీవీ మోతలో. ఆమె కోసం కట్టిన గదిలో ఎరువు బస్తాలు వేశాం. చెమ్మకి అవి కూడా గడ్డ కడుతున్నాయి.

మా తమ్ముడికి ఇదంతా నిన్ననే చెప్పా. "సోమవారం దాకా గుంట తియ్యనులే అన్నా" అన్నాడు. రేపు పొద్దున ట్రాక్టర్ తీసుకుని నేనే వాడి పెరట్లోకి పోతున్నా. ముగ్గు చెరిగితే మళ్ళీ పోసుకోవచ్చు.