రక్తం రోగిది, ధర ఆసుపత్రిది

డెంగీ జ్వరాల పుణ్యమా అని ప్లేట్‌లెట్ల మాట దేశంలోని మారుమూల పల్లెలకు సైతం చేరింది. జ్వరం ముదిరినప్పుడు వాటి సంఖ్య పడిపోతుందేమోనని ఆందోళన చెందడం ప్రజలకు అనుభవమే. ఇప్పుడు అవే ప్లేట్‌లెట్లు కీళ్ల నొప్పులకు దివ్యౌషధంగా ప్రచారం పొందుతున్నాయి. రోగి చేతి నుంచి కొద్దిపాటి రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేగంగా తిప్పి, ప్లేట్‌లెట్లు అధికంగా ఉన్న ద్రవాన్ని వేరుచేసి, అరిగిన మోకీలులోకో దెబ్బతిన్న స్నాయుబంధనంలోకో ఎక్కించడమే ఈ చికిత్స. ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా అనే దాని పూర్తి పేరును కుదించి వైద్యులు పీఆర్‌పీ అంటున్నారు. శస్త్రచికిత్స అక్కరలేదనీ, అరిగిన మృదులాస్థి తిరిగి పెరుగుతుందనీ సాగుతున్న ప్రచారానికి శాస్త్రీయమైన ఆధారం ఎంత ఉన్నదో రోగికి చెప్పే బాధ్యతను మాత్రం తలకెత్తుకునేవారు అరుదు.

ఈ చికిత్స వెనుక ఉన్న ఆలోచన నిరాధారమైనది కాదు. గాయం తగిలినచోట రక్తాన్ని గడ్డకట్టించడంతోనే ప్లేట్‌లెట్ల పని పూర్తికాదు. కణాల పెరుగుదలకూ, కొత్త రక్తనాళాల ఏర్పాటుకూ తోడ్పడే ప్రోటీన్లను అవి విడుదల చేస్తాయి. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయుబంధనాలకు రక్తప్రసారం స్వల్పం. అందుకే అవి దెబ్బతింటే ఒక పట్టాన మానవు. మానడానికి అవసరమైన సరంజామాను నేరుగా అక్కడికే చేరవేస్తే ఫలితం ఉంటుందన్నది వైద్యుల ఆశ. 2009లో అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు హైన్స్ వార్డ్ ఈ చికిత్స పొంది సూపర్ బౌల్ పోటీలో ఆడడం, తానూ ఈ చికిత్స తీసుకున్నట్లు గోల్ఫ్ దిగ్గజం టైగర్ వుడ్స్ 2010లో వెల్లడించడం దీనికి విశ్వఖ్యాతి తెచ్చిపెట్టాయి. అయితే కీర్తి వేరు, రుజువు వేరు.

రుజువు కోసం జరిగిన పరీక్షలు ఆ ఆశను చాలావరకు నీరుగార్చాయి. మడమ వెనుకనుండే అకిలిస్ స్నాయుబంధనం నొప్పితో బాధపడుతున్న 54 మందిపై నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. సగం మందికి పీఆర్‌పీ, సగం మందికి కేవలం సెలైన్ ఎక్కించగా ఇరువర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అదే సమస్యపై బ్రిటన్‌లో 240 మందితో జరిపిన మరింత పెద్ద పరీక్ష 2021లో అదే నిర్ణయానికి వచ్చింది. మోకీళ్ల అరుగుదల ఉన్న 288 మందిపై ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన కూడా అదే ఏడాది ప్రచురితమైంది. పదికి లెక్కకట్టిన నొప్పి ఏడాది తరువాత పీఆర్‌పీ పొందినవారిలో సగటున 2.1, సెలైన్ పొందినవారిలో 1.8 మేరకు తగ్గింది. ఈ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. మృదులాస్థి అరుగుదలను సైతం పీఆర్‌పీ నిలువరించలేదు. ఉప్పునీటి సూదితోనూ నొప్పి తగ్గుతున్నదంటే, ఉపశమనం పొందిన రోగి చెప్పే మాట ఎంత నిజాయితీతో కూడినదైనా, అది చికిత్సకు రుజువు కాజాలదని గ్రహించాలి.

అంతమాత్రాన ఈ చికిత్సను బూటకమని కొట్టిపారేయడమూ తొందరపాటే అవుతుంది. చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థ వైద్యులు 78 మంది మోకీళ్ల రోగులపై జరిపి 2013లో ప్రకటించిన పరిశోధనలో సెలైన్ కంటే పీఆర్‌పీ మెరుగైన ఫలితాన్నే ఇచ్చింది. అయితే ఆరు నెలలు తిరిగేసరికి ఆ మేలు తగ్గుముఖం పట్టడం గమనార్హం. టెన్నిస్ ఎల్బోగా పిలిచే మోచేతి నొప్పికి స్టెరాయిడ్ సూది కంటే ఇదే మేలని 2010లో ఒక డచ్ పరిశోధన పేర్కొనగా, 32 పరిశోధనలను క్రోడీకరించిన కాక్రేన్ సమీక్ష మాత్రం 2021లో ఆ ప్రయోజనాన్ని ధ్రువపరచలేకపోయింది. అమెరికా ఎముకల వైద్యుల అకాడమీ అదే ఏడాది మోకీళ్ల అరుగుదలకు దీనిని పరిమిత స్థాయిలోనే సిఫార్సు చేసింది. తీర్పు ఇంకా వెలువడని వ్యాజ్యం వంటిది ఇది. తీర్పు తమకు అనుకూలంగా వచ్చేసినట్లు ప్రకటనలు గుప్పించడంలోనే అభ్యంతరమంతా ఉన్నది.

ఈ గందరగోళానికి ప్రధాన కారణం ప్రమాణమన్నది లేకపోవడం. మందుల దుకాణంలో కొనే పారాసిటమాల్ మాత్రపై అందులో ఎన్ని మిల్లీగ్రాముల మందు ఉన్నదో ముద్రించి ఉంటుంది. మోకీలులోకి ఎక్కించే పీఆర్‌పీలో ఎన్ని ప్లేట్‌లెట్లు ఉన్నాయో చాలా సందర్భాలలో రోగికి తెలియదు. లెక్కించకపోతే వైద్యునికీ తెలియదు. ఆరోగ్యవంతుని రక్తంలో మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి. మూలరక్తమే ఇంతగా తేడా చూపుతున్నప్పుడు, యంత్రాన్నిబట్టి, తిప్పే వేగాన్నిబట్టి, తెల్లరక్తకణాలను ఉంచడం లేదా తొలగించడాన్నిబట్టి తయారయ్యే ద్రవం మారిపోవడంలో వింత లేదు. ఆస్ట్రేలియా పరిశోధనలో వాడిన ప్లేట్‌లెట్ల మోతాదు చాలలేదని ఈ చికిత్స సమర్థకులు వాదించారు. ఆ వాదనలో బలం ఉండవచ్చు. కాని మోతాదు అంత ముఖ్యమైతే దానిని కొలవకుండానే సూది వేయడం ఏ న్యాయం?

ఇది వైద్యానికే పరిమితమైన చర్చ కాదు. సామాన్యుని జేబుకు సంబంధించిన సమస్య. దేశంలో కీళ్ల అరుగుదల బాధితుల సంఖ్య 1990లో సుమారు 2.3 కోట్లు ఉండగా 2019 నాటికి 6.2 కోట్లకు పెరిగిందని అంచనా. వీరిలో పొలం పనులతో, బరువులు మోయడంతో మోకీళ్లు అరగదీసుకున్న శ్రమజీవులు ఎందరో ఉన్నారు. 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశ వైద్యవ్యయంలో 39.4 శాతాన్ని ప్రజలు చేతి డబ్బుతోనే భరించారు. ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 2024లో 70 ఏళ్లు దాటిన వారందరికీ విస్తరించడం హర్షణీయమే అయినా, అది ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు ఉద్దేశించినది. సూది వేయించుకుని ఇంటికి వెళ్లే రోగికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. కృత్రిమ మోకీళ్ల ధరలకు 2017 ఆగస్టులో కళ్లెం వేసిన ప్రభుత్వానికి, రోగి రక్తంతోనే తయారయ్యే ఈ ద్రవానికి వేల రూపాయలు వసూలవుతుండటం పట్టకపోవడం విచారకరం.

చట్టాలు లేక కాదు, ఆచరణ లేకనే ఈ దుస్థితి. చికిత్స స్వభావాన్నీ, ప్రత్యామ్నాయాలనూ, సాధకబాధకాలనూ తెలియజేసిన తరువాతనే రోగి సమ్మతి పొందాలని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే స్పష్టం చేసింది. రోగులను ఆకర్షించేందుకు వైద్యులు ప్రచారం చేసుకోవడం అనైతికమని 2002 నాటి భారత వైద్యమండలి నియమావళి చెబుతున్నది. చికిత్సల రేట్లను అందరికీ కనిపించేలా ప్రదర్శించాలని వైద్యసంస్థల నమోదు చట్టం కింద 2012లో కేంద్రం రూపొందించిన నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. ఇవన్నీ సక్రమంగా అమలైతే సగం సమస్య దానంతటదే తీరుతుంది.

మిగిలిన సగానికి కేంద్ర ఆరోగ్యశాఖ పూనుకోవాలి. ఎక్కించే ముందు ప్లేట్‌లెట్లను లెక్కించి ఆ సంఖ్యను రోగి చీటీపై నమోదు చేయడాన్ని తప్పనిసరి చేయాలి. ఏ గాయానికి ఎంతవరకు రుజువు ఉన్నదో ప్రాంతీయ భాషలలో ముద్రించిన పత్రాన్ని ముందుగానే రోగి చేతికివ్వాలి. పలు ప్రభుత్వ వైద్యకళాశాలలలో ఒకే ప్రమాణంతో, తగినంతమంది రోగులతో, సెలైన్‌తో పోల్చి చూసే పరీక్షను భారత వైద్య పరిశోధన మండలి చేపట్టాలి. పనిచేస్తుందని తేలితే పేదలకూ అందుబాటులోకి తేవాలి. లేదని తేలితే వృథా వ్యయం నుంచి వారిని కాపాడాలి.

నొప్పి నివారణ మాత్రలకూ కీలుమార్పిడికీ మధ్య ఊగిసలాడుతున్న రోగి ఆశ పడడం సహజం. తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, శరీరపు బరువు తగ్గించుకోవడం మోకీళ్లకు మేలు చేస్తాయని వైద్యశాస్త్రం ఏనాడో నిర్ధారించింది. కాని వాటిని ఓపికగా నేర్పే ఫిజియోథెరపిస్టు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కానరావడం అరుదు. రుజువైన చికిత్స పేదవానికి దూరంగానూ, రుజువుకాని చికిత్స ప్రతి కూడలిలోనూ ఉండడం ఏ ఆరోగ్య విధానానికీ గౌరవం కాదు. ఈ వైపరీత్యాన్ని సరిదిద్దడమే పాలకుల తక్షణ కర్తవ్యం.